బెంగళూరులో ప్రైవేటు ప్రాథమిక పాఠశాల ప్రవేశాలు: ముందు బిడ్డ ఇంగ్లీషు చదువు చూడండి, తరువాత బడి చూడండి

మారతహళ్ళి, కె.ఆర్.పురం, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల తెలుగు తల్లిదండ్రులు ఏటా దసరా సెలవుల నాటికి ఒకరినొకరు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఏ పాఠశాలలో దరఖాస్తులు ఇస్తున్నారు, ఫీజు ఎంత, ఇంగ్లీషు చదవడం ఇంకా రాని బిడ్డకు సీటు ఇస్తారా? నా దృష్టిలో ఈ ప్రశ్నల వరుసే తలకిందులుగా ఉంది. తమ బిడ్డ ఇంగ్లీషు చదవడంలో ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగుతోందో ముందుగా తెలుసుకున్నవారికి ఏ పాఠశాలను ఏమి అడగాలో తెలుస్తుంది. అది తెలియనివారు భవనం చూసి, బస్సు చూసి, పక్క ఫ్లాటువారి మాట విని లక్షల రూపాయల నిర్ణయం తీసుకుంటారు. అందువల్ల కింది పనులను నేను రాసిన క్రమంలోనే చేయండి.

మొదటి పని: వయసు లెక్క

కర్ణాటకలో ఒకటో తరగతిలో చేరే బిడ్డకు ఆ ఏడాది జూన్ 1 నాటికి 6 ఏళ్ళు నిండి ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. 2025-26 విద్యాసంవత్సరానికి మాత్రం 5 ఏళ్ళ 5 నెలలు నిండితే చాలని ఒక్క ఏడాదికి సడలింపు ఇచ్చి, ఆ తరువాత 6 ఏళ్ళ నియమమే వర్తిస్తుందని ప్రకటించింది. ఈ లెక్కను వెనక్కి వేసుకుంటే యూకేజీకి 5 ఏళ్ళు, ఎల్‌కేజీకి 4 ఏళ్ళు అవుతాయి. మన తెలుగు రాష్ట్రాల్లో అయిదేళ్ళకే ఒకటో తరగతిలో కూర్చోబెట్టే అలవాటు ఉన్నందువల్ల, బదిలీ మీద విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది: బిడ్డను ఒక తరగతి కిందికి దింపమంటారు. దాన్ని చిన్నతనంగా భావించకండి. చదవడం ఇంకా కుదురుకోని బిడ్డకు ఆ అదనపు ఏడాది చేసే మేలు ఏ ట్యూషనూ చేయలేదు.

పేరున్న పాఠశాలలు చాలావరకు జూన్‌లో మొదలయ్యే చదువుకు ముందు ఏడాది సెప్టెంబరు, నవంబరు మధ్యనే దరఖాస్తులు తీసుకుంటాయి. కాబట్టి కింద చెప్పిన ఇంటి పరిశీలనను ఆగస్టులోనే ముగించుకోవడం మంచిది.

రెండో పని: బిడ్డ ఏ మెట్టు మీద ఉందో ఇంట్లోనే చూడడం

ఈ పనికి నిపుణులు అక్కరలేదు. బిడ్డ కడుపునిండా తిని, నిద్ర చాలి, హుషారుగా ఉన్న ఒక ఉదయం అరగంట చాలు. ఇది పరీక్ష అని బిడ్డకు చెప్పకండి, అమ్మమ్మా తాతయ్యలను చుట్టూ కూర్చోబెట్టకండి.

ముందుగా ఇంగ్లీషు చిన్న అక్షరాలను (a, b, c) వరుస తప్పించి ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కటి చూపిస్తూ దాని పేరు కాకుండా అది చేసే ధ్వని ఏమిటో అడగండి. 'ఎస్' అనడం పేరు, 'స్' అనడం ధ్వని. చదవడానికి పనికివచ్చేది రెండోదే. ఏ, బి, సి, డి పాట అప్పజెప్పే పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. ఇంగ్లీషులో అక్షరాలు 26 అయితే ధ్వనులు సుమారు 44 ఉన్నాయి కనుక, ఒక అక్షరానికి ఒకే ధ్వని అనే మన లెక్క అక్కడ పూర్తిగా చెల్లదన్న సంగతి ముందు పెద్దలకు గుర్తుండాలి.

ఇక్కడ తెలుగు ఇళ్ళలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటి ఉంది. మన లిపిలో హల్లు సాధారణంగా అచ్చుతో కలిసే కనిపిస్తుంది కాబట్టి, 'బి' అక్షరాన్ని చూపితే బిడ్డ 'బ' అంటుంది, 'టి' చూపితే 'ట' అంటుంది. అలా విడివిడిగా పలికిన మూడు ధ్వనులనూ కలిపితే 'బ్యాట్' రాదు, 'బయాట' వంటిదేదో వస్తుంది. అది ఏ మాటో తెలియక బిడ్డ మీ ముఖం చూస్తుంది. తప్పు బిడ్డది కాదు, పలకడం నేర్పిన తీరుది. 'బ్', 'ట్', 'మ్' అని పొల్లుతో పలికించడం అలవాటు చేస్తే కలపడం సులువవుతుంది. బస్సు, బుక్కు, కప్పు అని మాట చివర అచ్చు చేర్చి మాట్లాడే మన అలవాటును మాటల్లో సరిదిద్దవలసిన పని లేదు గానీ, చదివేటప్పుడు చివరి అక్షరాన్ని పొల్లుగానే ముగించమని చెప్పండి.

తరువాత మూడక్షరాల మాటలు పది రాసి చదివించండి. వాటిలో సగం క్యాట్, పెన్, సన్ వంటి నిజమైన మాటలు, మిగిలిన సగం మిప్, సెబ్, టోగ్ వంటి అర్థం లేని మాటలు ఉండాలి. 'క్యాట్' చదివి 'మిప్' చదవలేకపోతే, బిడ్డ అక్షరాలను కలిపి చదవడం లేదు, మాట ఆకారాన్ని బొమ్మలాగా గుర్తుపెట్టుకుంది. యూకేజీలో ఈ పద్ధతి గొప్పగా కనిపిస్తుంది. రెండో తరగతిలో మాటల సంఖ్య పెరిగేసరికి జ్ఞాపకం చాలక కూలబడుతుంది. ప్రవేశాల సమయంలో 'మా వాడు ఇంగ్లీషు గడగడా చదివేస్తాడు' అని విన్నప్పుడల్లా నాకు ఈ అర్థం లేని మాటలే గుర్తొస్తాయి.

ఈ మెట్టు దాటిన బిడ్డకు ఎన్నడూ చూడని కథ ఒకటి ఇచ్చి, దానిలో సుమారు 100 మాటలు పైకి చదివించండి. తప్పు చదివిన మాటలను, వదిలేసిన మాటలను, మీరు అందించవలసి వచ్చిన మాటలను మౌనంగా లెక్కపెట్టండి. అయిదు వరకు ఉంటే ఆ పుస్తకాన్ని బిడ్డ ఒంటరిగా చదువుకోగలదు. ఆరు నుంచి పది వరకు అయితే పక్కన పెద్దవారు కూర్చోవాలి. పది దాటితే ఆ పుస్తకం ఇప్పటికి బరువు, దాన్ని పక్కన పెట్టి ఇంకా సులువైనది తీయండి.

ఇప్పుడు అసలైన భాగం. చదివిన కథను తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీషులో చెప్పమంటే మాట్లాడలేకపోవడం, అర్థం కాకపోవడం రెండూ కలిసిపోయి, ఏది ఏదో మనకు తెలియదు. తెలుగులో చెప్పిస్తే అర్థమైందో లేదో ఒక్క నిమిషంలో తేలుతుంది. ఆ తరువాత అదే స్థాయి కథను మరొకదాన్ని మీరే ఇంగ్లీషులో నెమ్మదిగా చదివి వినిపించి, దాన్నీ తెలుగులో చెప్పమనండి. విన్న కథ చెప్పగలిగి, చదివిన కథ చెప్పలేకపోతే లోటు అక్షరాలను ధ్వనులుగా మార్చడంలో ఉంది. విన్నా చదివినా చెప్పలేకపోతే లోటు ఇంగ్లీషు మాటల సంపదలో ఉంది. చదవడమంటే అక్షరాలను విప్పగలగడం, భాషను అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి కలయిక అని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లోనే చెప్పారు; రెంటిలో ఏది లేకపోయినా చదువు సాగదు. మొదటి లోటుకు ధ్వనుల అభ్యాసం మందు, రెండోదానికి కథలూ కబుర్లూ మందు. ఒకదాని మందు మరొకదానికి వేస్తే ఏడాది వృథా అవుతుంది.

ఫలితాన్ని దేనితో పోల్చాలి? కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ఇందుకు సరైన కొలత ఇస్తుంది. దాని ప్రకారం ఒకటో తరగతికి ముందు బిడ్డ అక్షరాలనూ వాటి ధ్వనులనూ గుర్తించి, రెండు మూడు అక్షరాల మాటలు చదవాలి. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు చిన్న మాటలున్న వాక్యాలు, రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అర్థంతో సహా చదవాలి. ఈ లక్ష్యాలు ఇంగ్లీషుకని ప్రత్యేకంగా పెట్టినవి కావు. ఇంట్లో ఇంగ్లీషు వినని బిడ్డ ఇంగ్లీషులో కొంత వెనుక ఉండడం సహజమే. ఫోను యాప్‌లు చూపే అమెరికా తరగతుల స్థాయిలను మాత్రం పట్టించుకోకండి. అవి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి.

మూడో పని: పాఠశాలను చూడడం

ముందుగా దూరం చూడండి. సిల్క్ బోర్డు కూడలినో, ఔటర్ రింగ్ రోడ్డునో రోజుకు రెండుసార్లు దాటవలసిన పాఠశాల ఎంత మంచిదైనా ఆరేళ్ళ బిడ్డకు తగదని నా నిశ్చితాభిప్రాయం. బస్సులో పోయే ఆ గంటా గంటన్నర సాయంత్రం కథ చదువుకునే సమయాన్నీ ఓపికనూ తినేస్తుంది. అరగంట లోపు చేరగల పాఠశాలలను మూడో నాలుగో ఎంచుకుని వాటినే శ్రద్ధగా చూడండి.

గుర్తింపు విషయంలో మాటలను నమ్మకండి. 'సీబీఎస్ఈ పద్ధతిలో బోధిస్తాం' అనడం వేరు, సీబీఎస్ఈ అనుబంధం ఉండడం వేరు. బోర్డు వెబ్‌సైటులో పాఠశాల పేరు, మీరు చేర్చబోయే శాఖ చిరునామా రెండూ సరిపోవాలి. ఒకే పేరుతో నగరంలో నాలుగు శాఖలున్నప్పుడు ఒకదానికి ఉన్న అనుబంధం మిగిలినవాటికి ఉండకపోవచ్చు. ప్రభుత్వ పాఠశాలల సమాచార జాబితాలో ప్రతి బడికీ ఉండే 11 అంకెల యూడైస్ సంఖ్య కూడా అడిగి, యూడైస్ వెబ్‌సైటులో ఆ పాఠశాల వివరాలు చూసుకోండి.

చూడడానికి వెళ్ళినప్పుడు స్మార్ట్ బోర్డులూ ఈత కొలనూ చూపిస్తారు. మర్యాదగా చూసి, రెండో తరగతి పిల్లల ఇంగ్లీషు నోటు పుస్తకాలు రెండు మూడు చూపించమని అడగండి. అన్ని పుస్తకాల్లోనూ అవే జవాబులు అవే మాటలతో ఉంటే అక్కడ బోర్డు మీది రాత దించుకోవడం జరుగుతోంది. పిల్లల సొంత వాక్యాలు, తప్పులతో సహా, టీచరు దిద్దిన గుర్తులతో కనిపిస్తే అక్కడ చదువు నడుస్తోంది. తప్పుల్లేని పుస్తకం కంటే దిద్దిన తప్పులున్న పుస్తకం మంచి సూచన.

తరువాత ప్రిన్సిపాలునో, సమన్వయకర్తనో కాకుండా, వీలైతే ఒకటో తరగతి టీచరునే కొన్ని ప్రశ్నలు అడగండి. ప్రతి బిడ్డా టీచరు దగ్గర ఒంటరిగా పైకి చదవడం వారానికి ఎన్నిసార్లు జరుగుతుంది? ధ్వనులు ముందు నేర్పుతారా, మాటలు బట్టీ పట్టిస్తారా? గ్రంథాలయం పుస్తకాలు పిల్లలు ఇంటికి తెచ్చుకోవచ్చా, లేక అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయా? తరగతిలో ఎంతమంది? ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలన్నది 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పిన ప్రమాణం. వెనకబడిన బిడ్డకు ఏమి చేస్తారన్న ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. 'మా దగ్గర అలాంటి పిల్లలు ఉండరు' అనే జవాబు వస్తే లేచి రండి. 'బయట ట్యూషన్ పెట్టించండి' అన్నా అంతే. వారానికి రెండు రోజులు చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఫలానా పుస్తకాలు చదివిస్తాం అని వివరంగా చెప్పగలిగిన టీచరు ఉన్న పాఠశాలకు, భవనం పాతదైనా, నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తరగతి గది బయట తెలుగో కన్నడమో మాట్లాడితే జరిమానా ఉందా అని కూడా అడగండి. నోరు మూయించి నేర్పే ఇంగ్లీషు ఆరేళ్ళ బిడ్డకు భయాన్ని నేర్పుతుంది. ఇక కన్నడం సంగతి: 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం ఏ బోర్డు పాఠశాల అయినా మొదటి లేదా రెండో భాషగా కన్నడం బోధించాలని చెబుతుంది. ఇది అదనపు బరువని మనవాళ్ళు భయపడతారు గానీ, నిజానికి మనకు లాభమే. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుంచి చీలినవి. కన్నడ అక్షరాలు వచ్చిన బిడ్డకు తెలుగు అక్షరాలను ఒక వేసవి సెలవుల్లో ఇంట్లోనే నేర్పవచ్చు. పాఠశాల తెలుగు నేర్పుతుందని మాత్రం బెంగళూరులో సాధారణంగా ఆశించలేం.

నాలుగో పని: దరఖాస్తు, 'ఇంటరాక్షన్'

విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశం కోసం బిడ్డనైనా తల్లిదండ్రులనైనా వడపోత పరీక్షకు గురిచేయకూడదు. మొదటి ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, తరువాతి ప్రతి ఉల్లంఘనకు 50,000 వరకు జరిమానా ఉంది. కేపిటేషన్ ఫీజు, అంటే ప్రకటించిన ఫీజుకు మించి డొనేషన్ వంటిది, వసూలు చేస్తే దానికి పది రెట్ల వరకు జరిమానా విధించవచ్చు. అయినా 'ఇంటరాక్షన్' అనే పేరుతో పిలిచి మాట్లాడడం నగరంలో మామూలే. బిడ్డ పేరు, రంగులు, ఆకారాలు, ఒక బొమ్మను చూపి ఇందులో ఏముంది అన్న ప్రశ్న, అంతకు మించి పెద్దగా ఉండదు. దీనికోసం శిక్షణ కేంద్రాలకు పంపడం డబ్బు దండగ; 'మై నేమ్ ఈజ్' అని కంఠస్థం చేసిన బిడ్డ, అడగని ప్రశ్నకు ఆ జవాబు చెప్పి తడబడుతుంది. బిడ్డకు ఇంగ్లీషు మాట దొరకకపోతే తెలుగులో చెప్పవచ్చని ముందే ధైర్యం చెప్పండి. బెంగళూరు టీచర్లలో తెలుగు తెలిసినవారు తక్కువేమీ కాదు.

దరఖాస్తులో ఇంట్లో మాట్లాడే భాష అన్న గడిలో చాలామంది ఇంగ్లీషు అని రాస్తారు. అలా రాయకండి. మీ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారని టీచరుకు తెలిస్తే, బిడ్డ మొదటి రెండు నెలలు మౌనంగా ఉన్నప్పుడు కారణం తెలిసి ఓపిక పడుతుంది. తెలియకపోతే మందబుద్ధి అనుకునే ప్రమాదం ఉంది.

ఉచిత సీట్ల విషయం ఒక్క మాట. ప్రైవేటు పాఠశాలల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలన్న నిబంధనను, దగ్గర్లో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ పాఠశాల ఉన్నచోట వర్తించకుండా కర్ణాటక 2019లో మార్చుకుంది. కాబట్టి ఈ నగరంలో దాని మీద ఆశ పెట్టుకుని ఇతర దరఖాస్తులు మానుకోవద్దు.

ఫీజు కాగితాన్ని రాతపూర్వకంగా తీసుకోండి: ఒకసారి కట్టే ప్రవేశ రుసుము, ఏటా కట్టే బోధన రుసుము, బస్సు, పుస్తకాలు, యూనిఫారం విడివిడిగా ఉండాలి, గత రెండేళ్ళలో ఎంత పెంచారో అడగాలి, సీటు వదులుకుంటే ఎంత తిరిగి ఇస్తారో తెలియాలి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. జనన ధ్రువపత్రం, ఆధార్, చిరునామా రుజువు, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి. వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే టీసీతోపాటు బిడ్డ పెన్ సంఖ్యను (యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య) తెచ్చుకుని, పాత పాఠశాల యూడైస్‌లో బిడ్డ పేరును విడుదల చేసిందని నిర్ధారించుకోండి. ఇది జరగక కొత్త పాఠశాలలో పేరు ఎక్కించడం నెలల తరబడి ఆగిన కుటుంబాలు ఉన్నాయి.

అయిదో పని: జూన్ వచ్చేలోపు

సీటు ఖాయమైన తరువాత మిగిలే నాలుగైదు నెలలను వర్క్‌బుక్కులతో నింపకండి. రోజూ రాత్రి ఇరవై నిమిషాలు చాలు. అందులో మొదటి అయిదు నిమిషాలు ధ్వనులకూ మూడక్షరాల మాటలకూ, తరువాతి సమయం కథకు ఇవ్వండి. 'ద', 'వాజ్', 'సెడ్' వంటి మాటలు ధ్వనుల లెక్కకు లొంగవు కనుక వాటిని మాత్రం చూసి గుర్తుపట్టేలా వారానికి మూడో నాలుగో నేర్పండి.

కథలకు ఖర్చు పెట్టనక్కరలేదు. బెంగళూరుకే చెందిన ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతాయి. వాటిని నాలుగు స్థాయిలుగా విభజించారు. 250 మాటల లోపు ఉండే మొదటి స్థాయితో మొదలుపెట్టండి. ఒకే కథను మొదటి రాత్రి తెలుగులో చెప్పి, మరునాడు ఇంగ్లీషులో చదివితే, కథ ముందే తెలిసిన బిడ్డ మాటలను ఊహించి పట్టుకుంటుంది. మాటల సంపద లోటుగా ఉన్న పిల్లలకు నాకు తెలిసినంతలో ఇంతకు మించిన మార్గం లేదు. చెన్నైకి చెందిన తూలిక ప్రచురించే రెండు భాషల పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు ఒకే పుట మీద ఉంటాయి. సెలవు రోజున కబ్బన్ పార్కులోని పిల్లల గ్రంథాలయానికి తీసుకువెళ్ళి, పుస్తకాన్ని బిడ్డనే ఎంచుకోనివ్వండి.

బిడ్డ చదువుతుండగా ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకుండా కొన్ని క్షణాలు ఆగండి. అర్థం చెడని చిన్న తప్పులను వదిలేయండి. నిన్న చదివిన పుటే ఈరోజు మళ్ళీ చదువుతానంటే చదవనివ్వండి, వేగం అలాగే వస్తుంది.

రెండో తరగతి పూర్తికావస్తున్నా అక్షరాలను కలపలేకపోతుంటే, అదీ ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ఒకేలా ఉంటే, ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. అవి బాగుంటే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట అభ్యసన వైకల్యం కోసం పరిశీలన అడగవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వైకల్యాన్ని గుర్తించింది కనుక, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు పాఠశాలను అడిగే హక్కు మీకు ఉంటుంది.

బడిలో చేరిన తరువాత జరిగే మొదటి తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడగకండి. ఈ నెలలో మా బిడ్డ మీ దగ్గర ఏ పుస్తకం పైకి చదివింది, ఎక్కడ ఆగింది అని అడగండి. టీచరు పుస్తకం పేరు చెప్పగలిగితే ఆ రాత్రి అదే పుస్తకాన్ని ఇంట్లో తెరవండి. చెప్పలేకపోతే, ఆగస్టులో మీరు ఇంట్లో చేసిన పరిశీలనే మళ్ళీ చేసి, ఆ ఫలితాన్ని ఒక చిన్న చీటీలో రాసి డైరీలో పెట్టి పంపండి.